విలోమ పంక్తులు

పాఠ్యాంశ పరిచయం

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. కంప్యూటరులో భద్రపరచిన ఫైలును చివరి పంక్తి నుంచి మొదటి పంక్తి వరకు ఎలా చూపించవచ్చునో ఇది వివరిస్తుంది. ఈ పని చూడడానికి చిన్నది. అయితే సమాచారం కంప్యూటరులో ఏ రూపంలో ఉంటుంది, చిన్న సాధనాలను కలిపి పెద్ద పనిని ఎలా సాధించవచ్చు, తొందరపాటు వల్ల ఎంత నష్టం కలుగుతుంది అనే విషయాలను దీని ద్వారా గ్రహించవచ్చు. ఆదేశాల పేర్లను కంప్యూటరులో ఆంగ్ల అక్షరాలతో టైపు చేయాలి. పాఠంలో వాటి ఉచ్చారణను తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది.

పాఠం

తెలుగువారికి విలోమ పఠనం కొత్త కాదు. ‘వికటకవి’ అనే మాటను ముందు నుంచి చదివినా, వెనుక నుంచి చదివినా ఒకటే. పదహారో శతాబ్దానికి చెందిన పింగళి సూరన తన ‘కళాపూర్ణోదయం’లో, ముందు నుంచి చదివితే తెలుగుగానూ వెనుక నుంచి చదివితే సంస్కృతంగానూ అర్థమిచ్చే పద్యాన్ని కూర్చాడు. కవికి విలోమం ఒక చమత్కారం. లెక్కలు రాసే గుమాస్తాకు అది నిత్యావసరం. చిట్టాలో పద్దులు జరిగిన క్రమంలో ఒకదాని కింద ఒకటి చేరుతాయి. నిన్నటి పద్దు కావలసినవాడు మొదటి పుట తెరవడు. చివరి పుట తెరచి, కింది నుంచి పైకి చదువుకుంటూ పోతాడు.

కంప్యూటర్లు కూడా చిట్టా రాస్తాయి. ఎవరు ఏ సమయంలో లోపలికి ప్రవేశించారు, ఏ పని పూర్తయింది, ఏది విఫలమైంది అనే వివరాలను అవి ఒక్కొక్క పంక్తిగా ఫైలులో నమోదు చేస్తాయి. కొత్త పంక్తి ఎప్పుడూ అడుగున చేరుతుంది. టిక్కెట్లు అమ్మే యంత్రాంగమో, ఆసుపత్రి రికార్డుల వ్యవస్థో అర్ధరాత్రి నిలిచిపోయిందనుకొందాం. దానిని సరిచేయవలసిన వ్యక్తికి ఏడాది కిందటి మొదటి పంక్తితో పని లేదు. చివరగా ఏమి జరిగింది, దానికి ముందు ఏమి జరిగింది అన్నదే ఆ వ్యక్తికి ముఖ్యం. లక్షల పంక్తులున్న ఫైలును తలక్రిందులుగా చూడగలిగితే కారణం త్వరగా దొరుకుతుంది.

ఫైలు – పంక్తి

తెర మీద పంక్తులు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. కాని ఫైలు లోపల పైన, కింద అనే భేదం లేదు. అక్కడ ఉన్నదంతా బైట్ల వరుస మాత్రమే. దానిని పొడవైన ఒకే దండగా ఊహించుకోవచ్చు. దండలో నడుమ నడుమ ముడులు ఉంటాయి. ఒక ముడి నుంచి మరొక ముడి వరకు ఉన్న భాగమే పంక్తి. యూనిక్స్, లినక్స్ వ్యవస్థల్లో ఈ ముడి 10 అనే విలువ గల ఒక బైటు. కీబోర్డులో ‘ఎంటర్’ మీట నొక్కినప్పుడు పాఠంలో చేరేది ఈ గుర్తే.

ఉదాహరణకు ‘మాసాలు’ అనే ఫైలులో నాలుగు పంక్తులు ఉన్నాయనుకొందాం.

చైత్రం
వైశాఖం
జ్యేష్ఠం
ఆషాఢం

వీటిని ఉన్న క్రమంలో చూపించడం సులభం. మొదటి బైటు నుంచి చదువుతూ, చదివినదాన్ని చదివినట్లే తెర మీదికి పంపితే చాలు. ఏదీ గుర్తుంచుకోవలసిన అవసరం లేదు. తిరగవేసి చూపించాలంటే పరిస్థితి వేరు. మొదట రావలసినది ‘ఆషాఢం’. అది ఎక్కడ మొదలవుతుందో ముందుగా తెలియదు.

ఈ చిక్కుకు రెండు పరిష్కారాలు ఉన్నాయి. మొదటిది దొంతర పద్ధతి. పళ్ళాలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లు పంక్తులన్నింటినీ చదివి మెమరీలో పేర్చాలి. చివర పెట్టిన పళ్ళెమే ముందు చేతికి వస్తుంది. రెండవది వెనుకడుగు పద్ధతి. ఫైలు చివరికి నేరుగా వెళ్ళి, ముడులను వెతుక్కుంటూ వెనుకకు రావాలి. మొదటి పద్ధతికి మెమరీ ఎక్కువ కావాలి. రెండవ పద్ధతికి ఫైలు చివరికి వెళ్ళే వీలు ఉండాలి. పంక్తులను తిరగవేసే సాధనాలన్నీ సాధారణంగా ఈ రెండింటిలో ఏదో ఒక మార్గాన్ని అనుసరిస్తాయి.

క్యాట్ – టాక్

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ నిర్మాణానికి పూనుకొన్నారు. ఫైలును ఉన్నది ఉన్నట్లుగా చూపించే ‘క్యాట్’ ఆదేశం 1971 నాటి తొలి కూర్పులోనే ఉంది. జతపరచడం అనే అర్థమున్న ఆంగ్ల పదాన్ని కుదించగా ఆ పేరు ఏర్పడింది. సి, ఎ, టి అనే ఆ మూడు అక్షరాలను వెనుక నుంచి రాస్తే ‘టాక్’ అవుతుంది. పంక్తులను వెనుక నుంచి చూపించే ఆదేశానికి ఆ పేరే పెట్టారు. రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్ను ఉద్యమం అందించిన సాధనాల్లో ఇది ఒకటి. లినక్స్ కంప్యూటర్లలో ఇది సాధారణంగా సిద్ధంగా ఉంటుంది.

ఆదేశ పంక్తి వద్ద ‘టాక్’ అని రాసి, ఒక ఖాళీ వదలి, ‘మాసాలు’ అని ఫైలు పేరు రాసి ఎంటర్ నొక్కితే ఫలితం ఇలా వస్తుంది.

ఆషాఢం
జ్యేష్ఠం
వైశాఖం
చైత్రం

ఇక్కడ పంక్తుల వరుస మారింది. పంక్తిలోని అక్షరాల వరుస మారలేదు. అసలు ఫైలు కూడా మారలేదు. తెర మీద చూపిన క్రమం మాత్రమే మారింది.

టాక్ అనుసరించేది వెనుకడుగు పద్ధతి. అది ఫైలు చివరి నుంచి కొంత కొంత భాగాన్ని తెచ్చుకొని, అందులో ముడులను వెనుక నుంచి వెతుకుతుంది. అందువల్ల ఫైలు ఎంత పెద్దదైనా చివరి పంక్తి వెంటనే కనిపిస్తుంది. అయితే సమాచారం ఫైలు నుంచి కాక మరొక ఆదేశం నుంచి ప్రవాహంగా వస్తుంటే దాని చివరికి ముందుగా వెళ్ళడం సాధ్యం కాదు. అప్పుడు టాక్ ఆ ప్రవాహాన్నంతా ఒక తాత్కాలిక ఫైలులో నింపుకొని, ఆ తరువాత పని మొదలుపెడుతుంది. బిఎస్‌డి వంశానికి చెందిన వ్యవస్థల్లోనూ, మాక్ కంప్యూటర్లలోనూ ‘టెయిల్’ ఆదేశానికి ‘ఆర్’ అనే ఎంపికను జోడించి ఇదే ఫలితం పొందవచ్చు.

గొట్టాల కలయిక

ఒక ఆదేశం ఇచ్చే ఫలితాన్ని మరొక ఆదేశానికి అందించగలగడం యూనిక్స్ గొప్పతనం. తోటకు నీరు పెట్టే గొట్టానికి మరొక గొట్టం బిగించినట్లు ప్రోగ్రాములను కలపగలగాలని బెల్ ప్రయోగశాలలోని డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక పత్రంలో రాశాడు. ఆ ఊహ 1973లో యూనిక్స్‌లో కార్యరూపం దాల్చింది. ఆదేశాల నడుమ ‘|’ అనే నిలువు గీత పెడితే మొదటి ఆదేశపు ఫలితం రెండవ ఆదేశంలోకి ప్రవహిస్తుంది.

మామూలుగా టెయిల్ ఆదేశం ఫైలులోని చివరి 10 పంక్తులను చూపిస్తుంది. దాని ఫలితాన్ని గొట్టం ద్వారా టాక్‌కు పంపితే ఆ 10 పంక్తులే, అన్నిటికన్నా కొత్తది పైన ఉండేలా వస్తాయి. వ్యవస్థను సరిచేసే వ్యక్తికి చాలా సందర్భాల్లో ఇంతకు మించి అక్కరలేదు.

టాక్ లేని చోట కూడా గొట్టాలతో దారి దొరుకుతుంది. మొదటి ఆదేశం ప్రతి పంక్తికీ వరుస సంఖ్య వేస్తుంది. ‘సార్ట్’ అనే రెండవ ఆదేశం ఆ సంఖ్యలను పెద్ద నుంచి చిన్నకు అమరుస్తుంది. ‘కట్’ అనే మూడవ ఆదేశం సంఖ్యలను తొలగిస్తుంది. ఈ మూడింటిలో దేనికీ తిరగవేయడం అంటే ఏమిటో తెలియదు. మూడూ కలిసి ఆ పని చేస్తాయి. అయితే సార్ట్‌కు అవి సంఖ్యలని ప్రత్యేకంగా చెప్పాలి. లేకపోతే అది నిఘంటువు క్రమాన్ని పాటించి 2 కంటె ముందు 10 వస్తుందని భావించే ప్రమాదం ఉంది.

మరికొన్ని మార్గాలు

యూనిక్స్ తొలినాళ్ళలోనే కెన్ థాంప్సన్ రాసిన ‘ఎడ్’ అనే కూర్పరి ప్రోగ్రాములో ఒక చక్కని ఉపాయం ఉంది. పై నుంచి ఒక్కొక్క పంక్తినీ తీసి అన్నిటికన్నా పైన పెట్టమని చెబితే చాలు. మొదటిది పైకి వెళ్తుంది. రెండవది దాని పైకి చేరుతుంది. చివరిది అన్నిటికన్నా పైన నిలుస్తుంది.

‘ఆక్’ అనేది 1977లో వచ్చిన సాధనం. దాన్ని సృష్టించిన ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురి ఇంటిపేర్లలోని తొలి ఆంగ్ల అక్షరాలే దాని పేరు. ఆక్‌లో ప్రతి పంక్తినీ సంఖ్య గల గదిలో దాచి, ఫైలు పూర్తయ్యాక చివరి గది నుంచి మొదటి గదికి వస్తూ చూపించమని చెప్పవచ్చు. ఇది దొంతర పద్ధతి. ఫైలంతా మెమరీలో పడుతుంది.

‘సెడ్’ అనే సాధనానికి రెండు పలకలు ఉన్నాయనుకోవచ్చు. చదివిన పంక్తి పని పలక మీద పడుతుంది. రెండవది దాపుడు పలక. కొత్త పంక్తి రాగానే, దాపుడు పలక మీద ఉన్నదాన్ని దాని కింద చేర్చి, మొత్తాన్ని తిరిగి దాపుడు పలక మీద రాసుకోవాలి. చివరి పంక్తి వచ్చినప్పుడు పని పలక మీద ఉన్నదే జవాబు. ‘మాసాలు’ ఫైలుకు ఇది ఇలా జరుగుతుంది.

1వ పంక్తి తరువాత: చైత్రం
2వ పంక్తి తరువాత: వైశాఖం, చైత్రం
3వ పంక్తి తరువాత: జ్యేష్ఠం, వైశాఖం, చైత్రం
4వ పంక్తి తరువాత: ఆషాఢం, జ్యేష్ఠం, వైశాఖం, చైత్రం

ఈ పద్ధతి అందమైనది, కాని ఖరీదైనది. నాలుగు పంక్తులకు 1, 2, 3, 4 చొప్పున మొత్తం 10 పంక్తులను దాపుడు పలక మీద రాయవలసి వచ్చింది. వేయి పంక్తులకు ఈ లెక్క 5,00,500 అవుతుంది. ఒకే ఫలితాన్నిచ్చే మార్గాలన్నీ ఒకే శ్రమను కోరవు. చిన్న ఫైలు మీద చక్కగా నడిచిన పద్ధతి పెద్ద ఫైలు ముందు చతికిలపడడానికి ఇదే కారణం.

పాటించవలసిన జాగ్రత్తలు

ఫలితాన్ని తెరకు బదులు ఫైలులోకి పంపడానికి ‘>’ అనే మళ్లింపు గుర్తు ఉంది. చాలామంది అభ్యాసకులు చదివే ఫైలు పేరునే ఈ గుర్తు తరువాత కూడా రాస్తారు. ఫైలు తనలోనే తిరగబడుతుందని వారి ఆశ. జరిగేది వేరు. మనం టైపు చేసిన ఆదేశాన్ని అందుకొనే ‘షెల్’ అనే ప్రోగ్రాము, టాక్ మొదలు కాకముందే, మళ్లింపు గుర్తు తరువాత ఉన్న ఫైలును ఖాళీ చేసి సిద్ధం చేస్తుంది. టాక్ వచ్చి చూసేసరికి చదవడానికి ఏమీ మిగలదు. ఏ హెచ్చరికా లేకుండా ఏడాది చిట్టా ఒక్క క్షణంలో పోతుంది. అందువల్ల ఫలితాన్ని తప్పనిసరిగా వేరొక పేరు గల ఫైలులోకే పంపాలి.

రెండవ జాగ్రత్త చివరి ముడికి సంబంధించినది. ఫైలులో ఆఖరి పంక్తి తరువాత ఎంటర్ నొక్కకపోతే అక్కడ ముడి ఉండదు. మన ఉదాహరణలో ‘ఆషాఢం’ తరువాత ముడి లేకపోతే టాక్ ఫలితంలో మొదటి పంక్తి ‘ఆషాఢంజ్యేష్ఠం’ అని వస్తుంది. రెండు పంక్తులు ఒకటైపోతాయి. పేర్ల జాబితాలోనో, మార్కుల జాబితాలోనో ఇలా జరిగితే ఇద్దరి వివరాలు కలిసిపోతాయి.

మూడవది, రెండు ఫైళ్ళ పేర్లు ఇచ్చినప్పుడు టాక్ వాటిని కలిపి తిరగవేయదు. మొదటి ఫైలును తిరగవేసి చూపి, ఆ తరువాత రెండవదాన్ని తిరగవేస్తుంది. రెండూ ఒకే చిట్టాగా తిరగబడాలంటే ముందుగా క్యాట్‌తో కలిపి, గొట్టం ద్వారా టాక్‌కు పంపాలి.

పని సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. తిరగవేసిన ఫైలును మరల తిరగవేసి అసలు ఫైలుతో పోల్చాలి. రెండింటికీ తేడా లేకపోతే ఏ పంక్తీ పోలేదు, ఏ రెండూ కలిసిపోలేదు. ఈ పరీక్ష పూర్తయ్యే వరకు అసలు ఫైలును తొలగించరాదు.

దేనిని తిరగవేయాలి?

ఇంతవరకు పంక్తిని ప్రమాణంగా తీసుకోవడం జరిగింది. అన్ని సందర్భాలకూ అది సరిపోదు. ఒక ఫైలులో నాలుగేసి పాదాల పద్యాలు ఉన్నాయనుకొందాం. చివరి పద్యం ముందు రావాలని టాక్ ప్రయోగిస్తే ప్రతి పద్యంలోనూ నాలుగో పాదం మొదటికి వచ్చి అర్థం చెడుతుంది. కంప్యూటరు చిట్టాలోనూ ఒక వైఫల్యం వివరాలు ఐదారు పంక్తుల్లో ఉండవచ్చు. వాటిని విడదీసి తిరగవేస్తే కారణమేదో, ఫలితమేదో తెలియదు. ఇటువంటి చోట పంక్తికి బదులు వేరొక విభజన గుర్తును తీసుకొమ్మని టాక్‌కు ‘ఎస్’ అనే ఎంపిక ద్వారా చెప్పవచ్చు.

పంక్తి కంటె చిన్నదైన అక్షరాన్ని తిరగవేయబోతే తెలుగువారికి మరొక సమస్య ఎదురవుతుంది. యూనికోడ్ విధానంలో ‘వి’ ఒక్క సంకేతం కాదు. ‘వ’ ఒకటి, గుడి మరొకటి. ‘వికటకవి’లో మనకు 5 అక్షరాలు ఉన్నాయి. కంప్యూటరుకు అవి 7 సంకేతాలు. యుటిఎఫ్–8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున మొత్తం 21 బైట్లు. సంకేతాలను మాత్రమే లెక్కించి తిరగవేసే సాధనానికి ఈ మాటను ఇస్తే మొదట ఆధారం లేని గుడి ఒంటరిగా మిగులుతుంది. దాని తరువాత ‘వకటకివ’ అని వస్తుంది. ఎటు చదివినా ఒకటిగా ఉండవలసిన మాట కంప్యూటరు చేతిలో విరిగిపోతుంది. సూరన తన పద్యంలో తిరగవేసింది అక్షరాలను. ఈ సాధనం తిరగవేసేది సంకేతాలను. రెండింటికీ ఉన్న తేడా అదే.

పంక్తులను తిరగవేసేటప్పుడు మాత్రం తెలుగుకు ఈ భయం లేదు. యుటిఎఫ్–8ను 1992లో రూపొందించిన ఇద్దరిలో ఒకరు యూనిక్స్‌కు నాంది పలికిన కెన్ థాంప్సనే. రెండవవారు రాబ్ పైక్. ఈ పద్ధతిలో తెలుగు సంకేతానికి చెందిన ప్రతి బైటూ 128 లేదా అంతకు మించిన విలువ కలిగి ఉంటుంది. ముడి విలువ 10. కాబట్టి వెనుక నుంచి ఒక్కొక్క బైటునే చూసుకుంటూ వచ్చినా అక్షరం నడుమ ఉన్న బైటును ముడిగా పొరబడే అవకాశం లేదు. తెలుగు తెలియని టాక్ తెలుగు పంక్తులను చెక్కుచెదరకుండా తిరగవేయగలగడానికి కారణం ఇదే.

తిరగవేయడం అంటే ఉన్నదానిని వెనుక నుంచి చదవడం మాత్రమే కాదని దీనివల్ల స్పష్టమవుతుంది. ఏది విడదీయరాని ప్రమాణమో ముందుగా నిర్ణయించుకోవాలి. అది పద్యమా, పంక్తా, అక్షరమా, సంకేతమా అన్నది పనిని బట్టి మారుతుంది. యంత్రం తనకు చెప్పిన గుర్తు దగ్గర మాత్రమే విడదీస్తుంది. ఆ గుర్తు ఏదో చెప్పవలసిన బాధ్యత మనిషిదే.

కఠిన పదాలు – అర్థాలు

విలోమం = తిరగబడిన క్రమం
పంక్తి = వరుస
చిట్టా = రోజువారీ లెక్కల పుస్తకం
పద్దు = లెక్కలో రాసిన అంశం
దొంతర = ఒకదానిపై ఒకటి పేర్చిన వరుస
నాంది = ఆరంభం
ప్రమాణం = కొలతకు ఆధారమైనది

ప్రశ్నలు

I. వ్యాసరూప ప్రశ్నలు
1. ఫైలులోని పంక్తులను తిరగవేసి చూపడానికి గల రెండు మౌలిక పద్ధతులను ఉదాహరణలతో వివరించండి.
2. విలోమ క్రమంలో ప్రమాణాన్ని సరిగా ఎంచుకోవడం ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహరూప ప్రశ్నలు
1. చదివే ఫైలులోకే ఫలితాన్ని మళ్లిస్తే ఏమి జరుగుతుంది? ఎందుకు?
2. సెడ్ పద్ధతిలో 5 పంక్తుల ఫైలుకు దాపుడు పలక మీద మొత్తం ఎన్ని పంక్తులు రాయవలసి వస్తుందో లెక్కించండి.
3. తెలుగు పంక్తులను టాక్ తప్పు లేకుండా తిరగవేయగలగడానికి కారణమేమి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. గొట్టాల ఊహను 1964లో పత్రంలో రాసినది ఎవరు?
2. యూనిక్స్‌లో పంక్తి ముగింపును తెలిపే బైటు విలువ ఎంత?
3. ‘వికటకవి’లో ఎన్ని యూనికోడ్ సంకేతాలు ఉన్నాయి?

IV. భాషా కృత్యం
ముందు నుంచీ వెనుక నుంచీ ఒకేలా చదవగల తెలుగు మాటలను మరి కొన్నింటిని సేకరించండి. ఒక్కొక్కదానిలో అక్షరాలెన్నో, సంకేతాలెన్నో లెక్కించి పట్టికగా రాయండి.